వనభోజనాలకు మా కారు ఎందుకు రాలేదంటే



మొన్న కార్తీక మాసంలో వనభోజనాలకు అందరూ తప్తపాణి వెళ్ళినప్పుడు మా కారు రాలేదు. నలుగురు పెద్దవాళ్ళను మా బండిలో తీసుకొస్తామని పదిహేను రోజుల ముందే పేర్లు రాయించుకున్నాం. తీరా ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు చేసి రాలేమని చెప్పాం. ఆ నలుగురినీ మిగతా బండ్లలో సర్దడానికి మన కార్యదర్శిగారు ఎంత అవస్థ పడ్డారో మాకు తెలుసు. ఒక అత్తయ్యగారు "ఆఖరి నిమిషంలో చెయ్యిచ్చారు" అన్నారట. ఆవిడ అనడంలో తప్పులేదు. ఫోనులో "బండి బాగోలేదు" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేశాం కానీ అసలు సంగతి చెప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండి చెప్పలేదు. ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాం. మన సభ్యుల్లో సగంమందికి పైగా పాత కార్లే నడుపుతున్నారు, అందరివీ మన ఊరి ఉప్పుగాలిలోనే ఆరుబయట నిలబడుతున్నాయి కాబట్టి ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదనిపించింది.

మేమిద్దరం అన్నదమ్ములం. కారు ఇద్దరిదీ. పదేళ్ళు దాటిన చిన్న బండి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ములు. అమ్మను నెలకు రెండుసార్లు మెడికల్‌కు తీసుకెళ్ళడానికి, ఇచ్ఛాపురంలో చుట్టాల పెళ్ళిళ్ళకు, సంఘం పనులకు అదే దిక్కు.

దసరా అయ్యాక వారం రోజులు వాన పట్టింది గుర్తుందా? ఆ వారమంతా బండి మునగచెట్టు కింద కదలకుండా ఉంది. వాన తగ్గిన రోజు పొద్దున వెనక్కి తీస్తూ బ్రేకు నొక్కితే కీచుమని అరిచింది. వీధి చివర కుక్క కూడా లేచి చూసింది. భయపడలేదు, ఎందుకంటే ఆ శబ్దం మాకు కొత్త కాదు. బ్రేకు డిస్కు పోత ఇనుముతో చేసింది. దానికి రంగు ఉండదు, వెయ్యడానికీ వీల్లేదు. ఒక్క రాత్రి తడిసి ఆరితే చాలు, దాని ముఖం మీద పల్చగా ఎర్రటి తుప్పు పడుతుంది. సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరంలో పెట్టుకుని బరంపురంలో ఇనుము తుప్పు పట్టిందని ఆశ్చర్యపోతే ఎలా? 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తర్వాత మన గేట్లు, గ్రిల్లులు, డాబా మీద నీళ్ళ ట్యాంకుల స్టాండ్లు ఏమయ్యాయో ఎవరూ మరిచిపోలేదు. అలాంటి తుప్పు పల్చగా ఉన్నంతకాలం నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే ప్యాడ్లే గీకి శుభ్రం చేసేస్తాయి. శబ్దం కూడా ఆ వీధి మలుపు దాటేసరికి పోతుంది. పోకపోతే అది తుప్పు శబ్దం కాదు.

ఈ ఆఖరి వాక్యం మాకు ఆ రోజు కూడా తెలుసు. తెలిసీ వదిలేశాం. మొదటిరోజు శబ్దం వీధి మలుపులో పోయింది. రెండోరోజు పాత బస్టాండు దాకా వచ్చింది. వారం తిరిగేసరికి బండి కదిలినంతసేపూ సన్నగా కీచుమంటూనే ఉంది. మేము మాత్రం "వాన తుప్పు, వాన తుప్పు" అని జపం చేస్తూనే ఉన్నాం. మొదటిరోజు సరైన మాట పదోరోజుకు అబద్ధం అయిపోయింది.

అసలు బ్రేకు ఎందుకు అరుస్తుందో ఇక్కడ కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు పలక మీద బలపాన్ని నిలువుగా పట్టుకుని గీస్తే ఒళ్ళు జలదరించే శబ్దం వచ్చేది కదా? అదే బలపాన్ని ఏటవాలుగా పట్టుకుంటే రాదు. బలపం పలక మీద సాఫీగా జారకుండా, పట్టుకుంటూ వదులుతూ సెకనుకు వేలసార్లు అదురుతుంది. ఆ అదురే మన చెవికి కీచుగా వినపడుతుంది. బ్రేకులోనూ అంతే. తిరిగే డిస్కును రెండు పక్కలనుంచి రెండు ప్యాడ్లు పట్టుకుంటాయి. ప్యాడు తన గూటిలో వదులుగా ఉన్నా, దాని ముఖం వేడికి గట్టిపడి అద్దంలా మెరుస్తున్నా, వెనక ఉండాల్సిన పల్చటి రేకు లేకపోయినా, మధ్యలో ఇసక చేరినా అదురుతుంది. ఇవి చాలావరకు చికాకు పెట్టేవే కానీ వెంటనే ప్రాణం మీదికి తెచ్చేవి కావు. ఒక్క శబ్దం మాత్రం వేరు. చాలా ప్యాడ్లకు పక్కన చిన్న ఉక్కు నాలుక ఉంటుంది. ప్యాడు రెండు మూడు మిల్లీమీటర్ల దాకా అరిగిపోగానే ఆ నాలుక డిస్కుకు తగిలి అరుస్తుంది. అరవడమే దాని ఉద్యోగం. దాని అరుపు తరచుగా బ్రేకు వేయకుండా బండి నడుస్తున్నప్పుడే వస్తుంది, బ్రేకు నొక్కగానే ఆగిపోతుంది. మిగతావి ఎక్కువగా బ్రేకు నొక్కితేనే వస్తాయి.

మా బండి నడుస్తున్నప్పుడే అరిచింది. నొక్కితే ఆగింది. మేమేమో "చూశావా, బ్రేకు వేస్తే శబ్దమే లేదు, బ్రేకులు బాగున్నట్టే" అని తీర్పు చెప్పేశాం. పాట పెట్టుకుని నడిపాం.

అందరూ సలహాలిచ్చారు. పక్కింటాయన ఒకటి రెండు చుక్కలు నూనె వేయమన్నారు. ఆయన మంచికే చెప్పారు, తలుపు బందులకు వేసినట్టే అనుకున్నారు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. బ్రేకు పనిచేసేదే రాపిడితో. నూనె తగిలిన ప్యాడు పీల్చుకుంటుంది, కడిగినా పోదు, కొత్తది వెయ్యాల్సిందే. ఈలోపు బండి ఆగాల్సిన చోట ఆగదు. రోడ్డు పక్క షెడ్డులో ఒక మేస్త్రీకి చూపిస్తే ఆయన చక్రం విప్పకుండానే వంగి చూసి, ఒక మగ్గు నీళ్ళు కొట్టి, "కిచ్ఛి నాహిఁ బాబు" అని పంపించేశాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. ఆయన్ని ఏమీ అనలేం, ఆ మాట వినడానికే వెళ్ళాం కాబట్టి.

మేమూ చూశాం, చూడలేదని కాదు. రాత్రిపూట టార్చి వేసి చక్రం చిల్లుల్లోంచి తొంగి చూస్తే బయటివైపు ప్యాడు కనిపించింది. ఆరు మిల్లీమీటర్లు ఉంటుంది. కొత్త ప్యాడు మందం పదింటి దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఇంకా సగానికి పైగా ఉంది కదా అనుకున్నాం. కానీ ఒక్కో చక్రానికి ప్యాడ్లు రెండు. బయటినుంచి కనిపించేది ఒకటే. లోపలిది డిస్కు వెనక దాక్కుని ఉంటుంది, చక్రం విప్పితేగానీ సరిగా కనిపించదు. ఆ ఒక్క ప్యాడు చూసి నాలుగూ చూసినట్టు నిద్రపోయాం.

తర్వాత ఒకరోజు శబ్దం ఆగిపోయింది. పూర్తిగా. మేము సంబరపడ్డాం. ఆ సాయంత్రం అమ్మను మెడికల్ నుంచి తీసుకొస్తుంటే వెనక సీట్లోంచి అంది: "ఒరే, ఆ కీచు పోయి ఇదేటో గర్రుమంటంది, వినపడతందా?"

వినపడలేదన్నాం. నిజంగానే వినపడలేదు, పాట ఉంది. అమ్మ మళ్ళీ అంది: "రుబ్బురోల్లో రాయి పడ్డట్టుందిరా." ట్రాఫిక్ శబ్దం అన్నాం. ఇంకేమీ అనలేదు. తనకు అరవై ఏళ్ళుగా రోలూ, మిల్లూ, కుట్టుమిషనూ అన్నీ చెవితోనే బాగు చేసుకోవడం అలవాటు. మిషను కొంచెం తేడాగా మోగితే సూది మార్చేది. ఆవిడ మాట కొట్టిపారేసిన ఇద్దరికీ ఇంట్లో ఒక్క బల్బు హోల్డరు బిగించిన చరిత్ర కూడా పెద్దగా లేదు.

ఇంటికొచ్చాక అమ్మ నాన్నతో చెప్పింది. నాన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. దిగపహండి మీదుగా మోహన వైపు వెళ్ళే ఘాటు రోడ్డులో ఏళ్ళ తరబడి బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు చెవులు బొత్తిగా వినపడవు. శబ్దం గురించి ఆయనకు చెప్పడమేమిటి అనుకున్నాం. ఆయన ఏమీ అడగలేదు. కర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చి, ముందు కుడి చక్రం దగ్గర అరచెయ్యి ఆనించకుండా బెత్తెడు దూరంలో పెట్టాడు. తర్వాత ఎడమ చక్రం దగ్గర పెట్టాడు. "మీరూ పెట్టి చూడండి" అన్నాడు. కుడిది గోరువెచ్చగా ఉంది. ఎడమదాని దగ్గర చెయ్యి నిలవలేదు, పెనం దగ్గర పెట్టినట్టుంది. మాడిన వాసన కూడా సన్నగా వస్తోంది. "ఒకటి వదలట్లేదు. పట్టుకునే తిరగతంది. విప్పండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. వినపడని మనిషికి అర నిమిషం పట్టింది. మీరు కూడా దూరం వెళ్ళి వచ్చాక ఈ పరీక్ష చెయ్యొచ్చు, ఖర్చు లేదు. చక్రాన్ని మాత్రం ముట్టుకోకండి, బొబ్బలు లేస్తాయి. ఎడమ కుడి ఒకేలా వెచ్చగా ఉంటే మంచిదే. ఒకటి మండుతుంటే ఆ పక్క ఏదో బిగుసుకుందన్నమాట.

అది గురువారం. వనభోజనాలు ఆదివారం. శనివారం మధ్యాహ్నం విప్పుదాం అనుకున్నాం. ఇది మా రెండో తప్పు, శుక్రవారమే విప్పాల్సింది.

విప్పే ముందు జాగ్రత్తలు చెప్తాం, ఇక్కడ మాత్రం ఎవరూ తొందరపడొద్దు. నేల గట్టిగా, సమంగా ఉండాలి. మట్టిలో జాకీ దిగిపోతుంది. మా వాకిట్లో సిమెంటు చేసిన చోటు బండి పట్టేంత ఉంది కాబట్టి సరిపోయింది. హ్యాండు బ్రేకు లాగి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క ముక్కలు అడ్డం పెట్టాలి. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసుకోవాలి, గాల్లో లేపాక పానాతో బలంగా తిప్పితే బండి ఊగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క జాకీని నమ్ముకుని పని చెయ్యకూడదు. జాకీ టైరు మార్చడానికే. ఇనప స్టాండ్లు దొరుకుతాయి, వాటి మీద బండి బరువు దింపాలి. దానికి తోడు స్టెప్నీ టైరు తీసి బండి అంచు కిందికి తోసి పెట్టుకోవాలి, ఏది జారినా టైరు మీద పడుతుంది. బండి కింద తల పెట్టే అవసరం ఈ పనిలో రాదు. వస్తే ఏదో తప్పు చేస్తున్నట్టే. ముక్కుకు మాస్కు కట్టుకోండి. బ్రేకు దుమ్మును నోటితో ఊదకండి, గాలి కొట్టించకండి, తడిగుడ్డతో తుడవండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ కూడా ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్ళీ బయటికి రాదు.

చక్రం తీశాం. డిస్కు బయటి ముఖం అద్దంలా ఉంది. మా చిన్నవాడు "చూడు, ఏమీ లేదు, అనవసరంగా విప్పాం" అన్నాడు. పెద్దవాడు వేలు వెనక్కి పోనిచ్చి లోపలి ముఖాన్ని తడిమాడు. గీతలు కాదు, దుక్కి దున్నినట్టు చాళ్ళు. క్యాలిపర్ కింది బోల్టు విప్పి పైకి తిప్పుదామంటే కదల్లేదు. రెండు బోల్టులూ తీసి, నానా తంటాలు పడి ఊడదీశాం. అప్పుడు లోపలి ప్యాడు చేతికొచ్చింది. రాపిడి పదార్థం లేదు. ఒక మూల గోరంత మిగిలింది, మిగతాదంతా నున్నగా మెరుస్తున్న ఇనప పలక. ఉక్కు నాలుక వంగి నలిగిపోయి ఉంది. మేము సంబరపడిన ఆ నిశ్శబ్దం అదే. అరిచేది అరిగిపోయింది, ఇనుము మీద ఇనుము మొదలైంది. అమ్మ చెప్పిన రుబ్బురోలు అదే.

ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. ఆ గురువారం అమ్మను కూర్చోబెట్టుకుని వచ్చింది దీనిమీదే.

ఒక పక్క ఆరు మిల్లీమీటర్లు ఉండి, ఇంకో పక్క సున్నా ఎలా అయింది? ఈ రకం బ్రేకులో పిస్టన్ ఒక పక్కనే, లోపలివైపే ఉంటుంది. అది లోపలి ప్యాడును డిస్కుకు నొక్కుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం వెనక్కి జరిగి బయటి ప్యాడును లాక్కొస్తుంది. అంటే ఒక్క చెయ్యితోనే రెండు పక్కలా పిసికినట్టు. అలా జరగడానికి దానికి రెండు పిన్నులు ఉంటాయి, గ్రీజులో ఈదుతూ, పైన రబ్బరు బూట్లు తొడుక్కుని. మాకు కింది పిన్ను బూటు చిరిగింది. ఎప్పుడు చిరిగిందో తెలీదు. వాన నీళ్ళు, ఉప్పుగాలి లోపలికి వెళ్ళి గ్రీజు ఎండిపోయి, పిన్ను దాని గొట్టంలో తుప్పుతో అతుక్కుపోయింది. ఇక క్యాలిపర్ జరగదు. బ్రేకు వేస్తే లోపలి ప్యాడు ఒక్కటే మోస్తుంది, తీసేస్తే సరిగా వదలదు. నడిచినంతసేపూ రాసుకుంటూ, కాగుతూ ఉంటుంది. నాన్న చేతికి తగిలిన వేడి ఇదే. కాబట్టి మీరెవరైనా విప్పినప్పుడు ప్యాడ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ దాదాపు సమానంగా అరిగితే మామూలే. ఒకటి మరీ ఎక్కువ అరిగితే కొత్త ప్యాడ్లు వేసి ఊరుకోకండి, పిన్నులు చూడండి. మంచి పిన్ను వేళ్ళతో లాగితే జారి రావాలి. అది చూడకుండా ప్యాడ్లు మారిస్తే అవి కూడా కొన్నాళ్ళకు ఇలాగే అయిపోతాయి.

అప్పటికి సాయంత్రం అయిదు. కొట్లు తెరిచే ఉన్నాయి. ప్యాడ్లు దొరికాయి. పిన్నులు, బూట్లు కలిపి వచ్చే కిట్టు దొరికింది. డిస్కు మాత్రం సోమవారం వస్తుందన్నారు. నాలుగు కొట్లు తిరిగాం, రెండు చోట్లకు ఫోన్లు చేయించాం. తొమ్మిది అయింది అందుకే. మధ్యలో ఒక కొట్టులో కుర్రాడు "ఉన్న డిస్కు మీదే కొత్త ప్యాడ్లు వేసుకుని వెళ్ళిపోండి, అందరూ అలాగే వేస్తారు" అన్నాడు. నిజం చెప్పాలంటే మేము ఒప్పేసుకున్నాం. నలుగురు పెద్దవాళ్ళ పేర్లు రాయించుకున్నాం, మాట పోతుంది అని. పిన్ను శుభ్రం చేసి, ప్యాడ్లు బిగిస్తే రాత్రికి రాత్రి బండి నడుస్తుంది కదా.

నాన్న ఆ డిస్కును లైటు కింద పెట్టి చాలాసేపు చూశాడు. డిస్కు మీద ఎంత మందం దాకా వాడొచ్చో అంకె పోతపోసి ఉంటుంది. చాళ్ళున్న చోట వెర్నియర్‌తో కొలవడం కష్టం కానీ మాది ఆ అంకెకు కిందికే పోయిందని కంటికే తెలుస్తోంది. చాళ్ళ మీద కొత్త ప్యాడు పూర్తిగా ఆనదు, గట్ల మీద మాత్రమే ఆనుతుంది. ఆ కొంచెం చోటే మొత్తం వేడిని మొయ్యాలి. ఊళ్ళో అయితే ఎలాగో ఆగుతుంది. తప్తపాణి రోడ్డు సంగతి వేరు. ఎక్కేటప్పుడు ఏమీ తెలీదు. దిగేటప్పుడు అయిదుగురు మనుషుల బరువుతో, మలుపు మలుపుకూ బ్రేకు నొక్కుతూ వస్తే వేడి ఎక్కుతూనే ఉంటుంది, చల్లారే సందు దొరకదు. "మోహన లైన్లో బ్రేకు లేదన్న సంగతి సగం కొండ దిగినాకే తెలస్తాది నాయనా" అన్నాడు నాన్న. తర్వాత ఇంకో మాట అన్నాడు, ఇది మీరందరూ వనభోజనాలకు వెళ్ళేటప్పుడు గుర్తుపెట్టుకోండి: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. ఇంజను పట్టి ఉంచుతుంది, బ్రేకుకు ఊపిరి దొరుకుతుంది. న్యూట్రల్‌లో దింపి పెట్రోలు మిగిల్చేవాళ్ళు మన సంఘంలో ఇద్దరున్నారు. పేర్లు రాయం.

అప్పుడు ఫోన్లు చేశాం.

సోమవారం డిస్కులు వచ్చాయి. ఒక పక్కే పాడైనా రెండు పక్కలా మార్చాం. ప్యాడ్లు ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపే మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. అన్నీ కలిపి 5,000 రూపాయల లోపే అయింది. బిగించేటప్పుడు ఎదురైన వాటిలో పనికొచ్చేవి రెండు మూడు చెప్తాం. క్యాలిపర్‌ను దాని రబ్బరు గొట్టానికి వేలాడదీయకూడదు, తీగతో పైన కట్టాలి. పిన్నుల్లోనూ, ప్యాడు చెవులు ఆనే చోటా మామూలు గ్రీజు పనికిరాదు. పెట్రోలియం గ్రీజు బ్రేకు రబ్బర్లను ఉబ్బిస్తుంది. సిలికాన్ గ్రీజు అని బ్రేకుల కోసమే అమ్ముతారు, చిన్న పొట్లం చాలు. అది కూడా పల్చగా, ప్యాడు ముఖానికీ డిస్కుకూ తగలకుండా రాయాలి. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఇస్తారు. బ్రేకు క్లీనరుతో దాన్ని పూర్తిగా తుడిచాకే బిగించాలి.

పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు మాకొక చిన్న దండన పడింది. ప్యాడ్లు అరుగుతున్నకొద్దీ బ్రేకు ఆయిల్ మట్టం డబ్బాలో దిగుతుంది. అది లీకు కాదు, పిస్టన్ బయటికొచ్చిన మేరకు ఆయిల్ అక్కడికి వెళ్ళిందంతే. మేము వేసవిలో మట్టం తగ్గిందని పైదాకా నింపేశాం, ఎందుకు తగ్గిందో ఆలోచించకుండా. అసలు హెచ్చరిక అప్పుడే వచ్చిందన్నమాట. ఇప్పుడు సీ క్లాంపుతో పిస్టన్‌ను నొక్కుతుంటే ఆ ఎక్కువ ఆయిల్ పొంగి డబ్బా మీదుగా కారింది. బ్రేకు ఆయిల్ రంగును తినేస్తుంది. వెంటనే నీళ్ళతో కడిగినా రేకు మీద అరచెయ్యంత మచ్చ పడింది. అది అలాగే ఉంది, చూడదలచుకున్నవాళ్ళకు బానెట్ ఎత్తి చూపిస్తాం.

అంతా బిగించి, చక్రాలు ఎక్కించి, నట్లు ఎదురెదురుగా బిగించి బండి కిందికి దింపాం. పెద్దవాడు ఎక్కి స్టార్టు చేసి, గేరు వేశాడు. నాన్న మెట్ల మీంచి చూస్తూ కర్రతో బానెట్ మీద టప్పున కొట్టాడు. "ముందు పెడలు కొట్టు!" పెద్దవాడు కాలు పెట్టాడు. పెడలు అడ్డూ ఆపూ లేకుండా నేల దాకా వెళ్ళిపోయింది. మళ్ళీ నొక్కాడు, సగానికి వచ్చింది. అయిదారుసార్లకు రాయిలా గట్టిపడింది. పిస్టన్ వెనక్కి వెళ్ళి ఉంది కదా, అది మళ్ళీ ప్యాడు దాకా వచ్చేవరకు బ్రేకు ఉండదు. ఎదురుగా గేటు, గేటు అవతల వీధి, వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఈ పనిలో అన్నీ చదివి, అన్నీ సరిగ్గా చేసి, ఈ ఒక్కటి మరిచిపోయేవాళ్ళే ఎక్కువట. ఇంజను ముట్టుకోకముందే పెడలు గట్టిపడేదాకా కొట్టండి.

మర్నాడు తెల్లవారుజామున గోపాల్‌పూర్ రోడ్డు మీద ఖాళీ చూసుకుని యాభై వేగం నుంచి పదికి పదిసార్లు నెమ్మదిగా బ్రేకు వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ తిప్పాం. కొత్త ప్యాడు కొత్త డిస్కుకు అలా అలవాటు పడాలి. వారం రోజులు కొంచెం సన్నగా కీచుమంది, తర్వాత పోయింది. ఈసారి మాత్రం పోయిన తర్వాత ఊరుకోలేదు, నెల తిరిగాక చక్రాలు విప్పి నాలుగు ప్యాడ్లూ చూశాం.

అందరూ ఇంట్లో చెయ్యాలని చెప్పడం లేదు. పెడలు మెత్తగా ఉన్నా, దిగిపోతున్నా, చక్రం లోపలి పక్కన తడి కనిపించినా, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగినా విప్పడం మాట అటుంచి, బండి నడపనే వద్దు. మేస్త్రీనే ఇంటికి పిలిపించండి. వెనక డ్రమ్ముల జోలికి మేమూ వెళ్ళలేదు. ఆ స్ప్రింగులు మా వల్ల కాదు, తెలిసినాయన చేత చేయించాం. కానీ చక్రం విప్పి లోపలి ప్యాడు చూడటం, బండి వచ్చాక చక్రాల వేడి చూడటం, అద్దాలు దించి పాట ఆపి గోడ పక్కన మెల్లగా నడుపుతూ వినడం మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు. గోడ శబ్దాన్ని తిప్పికొడుతుంది, ఏ పక్కదో తెలిసిపోతుంది. వెనక సీట్లో మీ అమ్మగారిని కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది.

చెయ్యిచ్చారన్న అత్తయ్యగారింటికి పోయిన ఆదివారం వెళ్ళాం. ఆ పాత ప్యాడు కాగితంలో చుట్టి పట్టుకెళ్ళి చూపించాం. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కాఫీ ఇచ్చి, "మా అబ్బాయి బండి కూడా కీచుమంటంది, వచ్చి చూడండి" అన్నారు. చూశాం. వాన తుప్పే. నాలుగు బ్రేకులకు పోయింది. అయినా చక్రం విప్పే చూశాం.

రెండు ఇనప స్టాండ్లు, సీ క్లాంపు, మిగిలిన సిలికాన్ గ్రీజు సంఘం స్టోర్ రూములో, కుర్చీల వెనక అల్మరాలో పెట్టాం. కావలసినవాళ్ళు తీసుకెళ్ళొచ్చు. తలుపు దగ్గరున్న పుస్తకంలో పేరు, తేదీ రాయండి. పని అయ్యాక తుడిచి అక్కడే పెట్టండి.